చదువుకున్న కత్తెర

చెన్నైలో మే నెల మొదటి వారంలో మొదలై ఇంచుమించు 25 రోజులు కాసే ఎండను 'కత్తిరి వెయిల్' అంటారు. కత్తిరి అంటే కత్తెరే. 25 రోజులు ఓర్చుకుంటే ఆ కత్తెర పోతుంది. ఏడాది పొడుగునా ఆడే కత్తెర ఈ ఊళ్ళో ఇంకొకటుంది. అది మందుల షాపులో గల్లాపెట్టె పక్కన నైలాను తాడుకు వేలాడుతుంటుంది. తాడెందుకయ్యా అంటే, ఎవరైనా ఎత్తుకుపోతారని. ఆ దొంగ ఎవరో ఇంకా రాలేదే అని ఎదురుచూసేవాళ్ళలో నేనొకణ్ణి.

ఈ వ్యాసం ఆ కత్తెర గొప్పతనం గురించి. మందుల గురించి కాదు. మందుల గురించి చెప్పడానికి మన అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుల్లో పెద్దలు చాలామందే ఉన్నారు, వాళ్ళ పొట్ట నేను కొట్టను.

మొన్న మంగళవారం చూళైమేడులో ఓ షాపు ముందు నిలబడి నాలుగు బిళ్ళలు అడిగాను. కుర్రాడు పది బిళ్ళల స్ట్రిప్పు తీశాడు. కళ్ళు వాడి ఫోనులో క్రికెట్ మీద ఉన్నాయి, చేతిలో కత్తెర మాత్రం తన పని తాను చేసుకుపోయింది. టక్. నా చేతిలో నాలుగు బిళ్ళల వెండి ముక్క. వీపు తిప్పి చూస్తే మందు పేరులో మిగిలింది చివరి ముక్క ఒక్కటే: 'జోల్'. దాని పక్కన 'ఎక్స్‌పైరీ' అన్న మాట ఉంది, తేదీ లేదు. కింద సగం క్యూఆర్ కోడ్. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ ఉండాలని 2023 ఆగస్టు 1 నుంచి కేంద్రం రూలు పెట్టింది, నకిలీ మందుల్ని పట్టుకోడానికి. ఆ సగం కోడుకు నా ఫోను ఎదురుగా పెట్టాను. పాపం, అది చాలాసేపు తంటాలు పడి, చివరికి వెలుతురు చాలడం లేదంది.

కత్తెరకు చదువు రాదంటే నేనొప్పుకోను. అక్షరం ముక్క రాని కత్తెరైతే పదిసార్లలో నాలుగుసార్లయినా పొరపాటున మందు పేరు వదిలేస్తుంది. ఇది వదలదు. పేరు ఎక్కడుందో, తేదీ ఎక్కడుందో, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్న హెచ్చరిక ఎక్కడుందో చూసుకుని మరీ కోస్తుంది. బ్యాచ్ నంబరు జోలికి మాత్రం పోదు. దాంతో మనకు పనిలేదని దానికి తెలుసు.

సరే, 'జోల్' దగ్గరికొద్దాం. నేనడిగింది కడుపులో మంటకి. నా చేతిలో ఉన్నది పాంటోప్రజోల్ అయితే పేచీ లేదు, పొద్దున టిఫినుకు అరగంట ముందు వేసుకుంటే ఆసిడ్‌ను తగ్గిస్తుంది. (టిఫినయ్యాక, త్రేన్పు వచ్చాక వేసుకునే అలవాటు మన జాతీయ సంప్రదాయం.) కానీ ఫ్లుకొనజోల్ కూడా జోలే, అది ఫంగస్‌కి. ఆల్బెండజోల్ పిల్లల కడుపులో నులిపురుగులకి. కార్బిమజోల్ థైరాయిడ్ మితిమీరి పనిచేసేవాళ్ళకి. లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్‌కి. మెట్రోనిడజోల్ అమీబా విరేచనాలకి, అది వాడినన్నాళ్ళూ చుక్క ముట్టొద్దంటారు డాక్టర్లు. అంటే మందు వేసుకుంటూ మందు జోలికి పోకూడని జోల్ అన్నమాట. పేరు చివర రావు ఉన్నంత మాత్రాన అందరూ అన్నదమ్ములవుతారా?

మందులకూ ఇంటిపేర్లుంటాయి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాటికి వెనకుంటుంది, అదే తేడా. వంశం తెలిస్తే గుణం తెలుస్తుంది. '-లోల్' అని ముగిసే అటెనలోల్, మెటోప్రొలోల్ ఒక కుటుంబం: బీపీకీ గుండెకీ. వీటిని ఉన్నట్టుండి మానేయకూడదు, ఆస్తమా ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. '-ప్రిల్' కుటుంబం బీపీని దించుతూ కొందరికి పొడిదగ్గు అంటగడుతుంది. వాళ్ళు ఆ దగ్గుకు సిరప్పు మీద సిరప్పు తాగుతూ నెలలు గడిపేస్తారు. '-సార్టన్' వాళ్ళు ఆ దగ్గు పెద్దగా తేరు, కానీ గర్భిణులకు ఈ రెండు కుటుంబాలూ నిషిద్ధం. '-స్టాటిన్' కొలెస్ట్రాల్‌కి, ఒళ్ళంతా కండరాలు నొప్పులు పుడితే డాక్టరుకు చెప్పాలి. '-సిలిన్' అంటే పెన్సిలిన్ వంశం, పడనివాళ్ళకు ప్రాణం మీదికే తెస్తుంది. ఈ వంశావళి అంతా స్ట్రిప్పు వీపు మీద అచ్చు వేసి పెట్టారు, చీమంత అక్షరాల్లోనైనా. కత్తెర ఒక్క వేటుతో అందర్నీ అనాథల్ని చేస్తుంది.

ఆ అనాథలంతా చేరే ఆశ్రమం మా ఇంట్లో ఉంది. నీలం రంగు బిస్కెట్ల డబ్బా. మూత తీస్తే వెండి ముక్కలు: రెండు బిళ్ళలవి, ఒక బిళ్ళవి, ఒక ముక్కలో బిళ్ళే లేదు, అయినా ఎవరూ పారేయలేదు. ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా ఆ డబ్బా చుట్టూ సభ కూడుతుంది. "ఇది జ్వరానిదే, అంచు ఇలాగే ఉంటుంది" అని మా ఆవిడ. "కాదు, ఇది జలుబుది, నాకు నిద్రొచ్చింది" అని మా వాడు. పారాసెటమాల్ పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయానికి చేటు. 650 మిల్లీగ్రాముల బిళ్ళలు ఆరు వేస్తేనే 3.9 గ్రాములు. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో మళ్ళీ పారాసెటమాలే ఉంటుంది. పేరు లేని ముక్కలో ఏముందో తెలియక పారాసెటమాల్ మీద పారాసెటమాల్ వేసుకుని, "ఇంత బలమైన మందు వాడినా తగ్గలేదు" అని మనమే ఆశ్చర్యపోతాం. అక్టోబరు, నవంబరుల్లో పడే ఐప్పసి వానలకు ఈ ఊళ్ళో దోమలు, దోమల వెంట డెంగీ. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి బిళ్ళలు ముట్టకూడదు, రక్తస్రావానికి దారి తీస్తాయి. డబ్బాలో ఏది ఏదో ఎవడికి తెలుసు? అన్నీ తెల్లనివే.

ఈ కత్తెర బారిన పడకుండా బతికిపోయింది మా ఇంట్లో థైరాయిడ్ బిళ్ళ ఒక్కటే, సీసాలో వస్తుంది గనక. దాని పని కాఫీ చూసుకుంటోంది. పరగడుపున వేసుకుని కనీసం అరగంట ఆగాలి, కాఫీ వెంటనే పడితే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మైలాపూరు డికాషన్ వాసన వస్తుండగా అరగంట ఆగమని రాసిన డాక్టరు ఏ దేశం వాడో!

ఇక మా పెద్దమ్మ కథ.

పోయిన తై నెలలో, అంటే మన సంక్రాంతి రోజుల్లో, నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగింది. మోకాళ్ళు చూపించుకుందామని. బీపీ మాత్రలు తెచ్చుకోవడం మరిచిపోయింది, చీటీ మాత్రం సంచిలో ఉంది. నేను ఆఫీసులో ఉన్నాను. ఆవిడే మెల్లగా వీధి చివరి షాపుకెళ్ళి చీటీ చూపించి వారం రోజులకిమ్మంది. కత్తెర రెండుసార్లు ఆడింది. ఏడు బిళ్ళల ముక్క ఒకటి, ఇంకో ఏడు బిళ్ళల ముక్క ఒకటి. కుర్రాడు రెండూ కాగితం కవర్లలో వేసి చెప్పాడు: "పాట్టీ, కాలైల ఒణ్ణు, నైట్ ఒణ్ణు."

తమిళంలో కాలై అంటే పొద్దున. తెలుగులో కాలు అంటే కాలే.

"ఏంది నాయనా?" అంది పెద్దమ్మ. వాడు ఇంకాస్త గట్టిగా అదే చెప్పాడు. గట్టిగా చెబితే తమిళం తెలుగైపోతుందని ఈ ఊళ్ళో ఒక నమ్మకం. నెల్లూరులో మనవాళ్ళ నమ్మకమూ అదేలెండి, భాష ఒకటే తేడా. ఆవిడకు అర్థమైపోయింది. సాయంత్రం నేనొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. "చూసినావంట్రా, నేను నోరు తెరవకుండానే నా కాలి నొప్పి కనిపెట్టినాడు ఆ పిల్లోడు. కాలికి ఒకటిచ్చినాడు, నైటుకి ఒకటిచ్చినాడు. మీ డాక్టర్లుండారు దేనికీ?" అంది. నేను షూ విప్పుకుంటూ ఊఁ కొట్టాను. ఆ ఊఁ నాదే, ఎవరి మీదికీ నెట్టను.

మొదటి రోజు కాలి మాత్ర పొద్దున ఒకటి పడింది. మధ్యాహ్నం మోకాలు సలిపింది, ఇంకొకటి. వడపళని మురుగన్ గుడికి నడిచొచ్చింది, మూడోది. కాలి మాత్ర కదా, కాలు నొప్పి పుట్టినప్పుడల్లా వేసుకోకపోతే ఎందుకు? ఏడూ అయిపోతే కుర్రాడి దగ్గరికెళ్ళి "కాలిది ఇంకో పదియ్యి నాయనా" అని ముక్క చూపించింది. ముక్క మీద పేరు లేదు. వాడు కవరు మీది చేతిరాత చూసో, బిళ్ళ రూపం చూసో, పది కోసిచ్చాడు. పొరపాటున కూడా వేరే మందు ఇవ్వలేదు, వాడి నైపుణ్యాన్ని తక్కువ చేయను.

నాలుగో రోజుకు రెండు పాదాలూ పూరీల్లా పొంగాయి. చెప్పులు ఎక్కలేదు. పై అంతస్తు మామి చూసి కంగారుపడితే పెద్దమ్మ ధైర్యం చెప్పింది: "లోపలి నొప్పంతా బయటికొస్తా ఉండాది, మందు పట్టింది." పట్టిన మందును మానుకోవడం తెలివైన పని కాదు గనక కొనసాగించింది. అయిదో రోజు సందె దీపం పెట్టి కింద నుంచి లేవబోతే కళ్ళు చీకట్లు కమ్మాయి. ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. తలుపు తెరుచుకుంది. ఆవిడా, నిన్నటి సాంబారూ కలిసే కింద పడ్డారు.

డాక్టరు బీపీ చూసి రెండోసారి మళ్ళీ చూశాడు. "ఏం మందులు వాడుతున్నారమ్మా?"

"కాలి మాత్ర."

"పేరు?"

పెద్దమ్మ బొడ్లోంచి చేతిగుడ్డ తీసి, ముడి విప్పి, మూడు బిళ్ళలు మిగిలిన వెండి ముక్కను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నాడు. తిప్పాడు. అద్దాలు పైకెత్తి చూశాడు. దాని మీద ఉన్నదల్లా ఒక కంపెనీ చిరునామాలోని పిన్‌కోడు. పదకొండేళ్ళు వైద్యం చదివిన మనిషి ఓ పిన్‌కోడును పట్టుకుని రోగనిర్ణయం చేయడానికి ప్రయత్నించడం నేను కళ్ళారా చూశాను. చివరికి సంచి అడుగున చీటీ దొరికింది. అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి. రోజుకు 10 దాటి రాయని మందు అది, ఈవిడ 15 వేసుకుంటోంది. అమ్లోడిపిన్ వల్ల తరచుగా కనిపించే ఇబ్బంది ఏమిటో తెలుసా? పాదాల వాపు. అంటే కాళ్ళు వాచడానికి మాత్ర, వాచిన కాళ్ళకు మళ్ళీ అదే మాత్ర. నైటుది కొలెస్ట్రాల్‌ది. మోకాళ్ళకు ఇంతవరకూ ఎవరూ ఏ మందూ ఇవ్వలేదు.

పెద్దమ్మ కోలుకుంది. ఇప్పటికీ ఆ కుర్రాడి మీద ఈగ వాలనివ్వదు. "వాడు కాలికని సరిగ్గానే చెప్పినాడు, మీ డాక్టరే బీపీ అని తిప్పేసినాడు" అంటుంది.

ఇక్కడ ఒక మాట. స్ట్రిప్పు కోయడమే నేరమని నేననడం లేదు. పదిహేను బిళ్ళల స్ట్రిప్పు మొత్తం కొనాల్సిందే అని మొండికేసే షాపులూ ఉన్నాయి, అది ఇంకో రకం దోపిడీ. జేబులో అరవై రూపాయలతో వచ్చిన ఆటో డ్రైవరుకు ఆ కత్తెరే దేవుడు. కోయండి. పేరున్న వైపు నుంచి కోయండి. కుదరకపోతే కవరు మీద పేరూ, తేదీ రాయండి. ఎంతసేపు పడుతుంది? క్రికెట్లో ఒక బంతి పడేంతసేపు.

కానీ అదే ఆటో డ్రైవరు వైరల్ జ్వరంతో వచ్చి "ఏదైనా ఇవ్వు తంబి" అంటే మూడు యాంటీబయాటిక్ బిళ్ళలు కోసిస్తారు చూడండి, అక్కడ నాకు నవ్వు రాదు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చీటీ లేకుండా వాడొద్దని చెప్పే నిలువు ఎర్రగీత గురించి 2016లో కేంద్రం ప్రచారం చేసింది. ఆ గీత స్ట్రిప్పు అంచున ఉంటుంది, అంచు షాపులోనే ఉండిపోతుంది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్‌1 అని ఒకటుంది: బలమైన యాంటీబయాటిక్స్ కొన్ని అమ్మితే డాక్టరు పేరూ రోగి పేరూ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. దాచుతున్నారేమో, నేనింతవరకు ఆ రిజిస్టరు మొహం చూడలేదు, అంత భద్రంగా దాచుతున్నారు. యాంటీబయాటిక్స్‌కు లొంగని క్రిముల మీద యుద్ధానికి దేశంలోని డాక్టర్ల సంఘాలు కూర్చుని 2012లో ఒక ప్రణాళిక రాసుకున్నాయి. దాని పేరు ఏమనుకున్నారు? చెన్నై డిక్లరేషన్. ఈ ఊళ్ళోనే రాశారు. కత్తెర దాన్ని కూడా కోసిందో ఏమో.

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఈ కథ చెప్పాడు. గొంతు నొప్పితో ఒకడు షాపులో పెన్సిలిన్ కొని చాలీ చాలకుండా వేసుకుంటాడు, క్రిములు చావవు, ఎదురు తిరగడం నేర్చుకుంటాయి, అవి భార్యకు అంటుకుంటాయి, ఆమెకు పెన్సిలిన్ పనిచేయదు, ఆమె చనిపోతుంది. క్రిములకు చదువు చెప్పినట్టవుతుందన్నది ఆయన వాడిన మాటే. కత్తెర చదివింది, క్రిమి చదివింది, చదవడానికి అక్షరం దక్కనిది మనకే. ఇలాంటి మొండి క్రిముల వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా చనిపోయినవాళ్ళు 12 లక్షల 70 వేల మంది అని అంచనా.

అయినా నాకు రాత్రి నిద్ర పట్టనిది దీనివల్ల కాదు. రెండు పసుపు బిళ్ళల వల్ల.

మా వీధిలో ఒక పెద్దాయన. కీళ్ళవాతం. డాక్టరు మెథోట్రెక్సేట్ రాశాడు, వారానికి ఒక్కరోజు. దాని దుష్ఫలితాలు తగ్గడానికి మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. చూడండి, ఈ రెండు మందుల వెనకా ఉన్నది మన భీమవరం మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు. ఇదే ఊళ్ళో, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివాడు. ఖద్దరు కట్టాడని ప్రొఫెసరుకు కోపమొచ్చి పెద్ద పట్టా బదులు చిన్న పట్టాతో సరిపెట్టారు. అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్ తయారీని సాధించింది, మెథోట్రెక్సేట్ ఇచ్చింది. 1948లో, 53 ఏళ్ళకే పోయాడు. అంత మనిషి కష్టం ఈ ఊరికి తిరిగొచ్చి ఎవరి చేతిలో పడింది? తాడుకు వేలాడే ఒక కత్తెర చేతిలో.

రెండూ చిన్నవి. రెండూ పసుపువి. రెండూ పేరు లేని ముక్కలు. రెండు కవర్లు, ఒక దాని మీద '1', ఇంకో దాని మీద కూడా '1'. ఆ పెద్దాయన వారానికొకసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకున్నాడు, రోజూ వేసుకోవాల్సింది వారానికొకసారి. తొమ్మిది రోజులు. నోరంతా పూసింది, మంచినీళ్ళు మింగలేకపోయాడు. కూతురు వేడి చేసిందనుకుని మజ్జిగ ఇచ్చింది. జ్వరం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే మనుషులు చచ్చిపోతారు. వైద్యం చదివిన ప్రతివాడికీ తెలిసిన సంగతి. చదివి, లైసెన్సు గోడకు తగిలించుకుని, ఆ లైసెన్సు కింద ఇంటర్ ఫెయిలయిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి వెళ్ళిపోయిన ఫార్మసిస్టుకు తెలుసు. ఆయన ఫోటో గోడ మీద నవ్వుతోంది. ఏం చూసి నవ్వుతున్నావయ్యా? 'వారానికి ఒకసారి మాత్రమే' అని ఏ భాషలోనైనా సరే రాయడానికి నీ చెయ్యి పడిపోయిందా? ఆ ముసలాయన ఇరవై రెండు రోజులు ఐసోలేషన్ గదిలో ఉన్నాడు. బిల్లు మాత్రం పూర్తిగా ఇచ్చారు, ఒక్క అక్షరం కోయలేదు.

నిన్న మళ్ళీ చూళైమేడు షాపుకెళ్ళాను. నాలుగు బిళ్ళలడిగి, "తంబి, పేరున్న వైపు నుంచి కోసివ్వు" అన్నాను, నా తమిళంలో.

కుర్రాడు ఫోను పక్కన పెట్టాడు. మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు, కాస్త జాలిగా. "పేరున్న ముక్క మీకిచ్చేస్తే ఎలా సార్? మిగిలింది ఏ మందో మాకెలా తెలుస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. వాడన్నది నిజమే, షాపులో ఏ మందో తెలియకుండా ఉండకూడదు.

"పోనీ, కవరు మీద పేరు రాసివ్వు."

వాడు చొక్కా జేబు తడుముకున్నాడు. సొరుగు లాగాడు. బిల్లుల కట్ట కింద, సెల్ టేపు వెనక, వినాయకుడి పటం దగ్గర వెతికాడు. గల్లాపెట్టె పక్కన తాడుకు కత్తెర మెల్లగా ఊగుతోంది.

"పెన్ను ఎవడో ఎత్తుకుపోయాడు సార్."